సందులో గుమ్మడికాయ

చెట్లపట్నం ఒకప్పుడు మామూలు అడవే. జంతువులన్నీ కాళ్ల మీద నడిచేవి, ఎవరు ఎక్కడ ఆగితే అదే వాళ్ల చోటు. తర్వాత తారు రోడ్డు వచ్చింది, దాని వెనకే మోటారు సైకిళ్లు వచ్చాయి. ఇంటికొకటి కొన్నారు. కుందేళ్లైతే మనిషికొకటి కొన్నట్టు పిల్లకొకటి కొన్నాయి. కొనేటప్పుడు రంగు చూశారు, మైలేజీ అడిగారు, హారను మోగించి చూశారు. దీన్ని ఎక్కడ ఆపుతామని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఇప్పుడు సంత రోజు వచ్చిందంటే చెట్టుకీ చెట్టుకీ మధ్య గడ్డి మొలవడానికి కూడా సందు ఉండదు. ముందు పెట్టినవాడి బండి బయటికి రావాలంటే వెనక పెట్టినవాడు రావాలి. వాడు తియ్యాలంటే వాడి వెనకవాడు రావాలి. ఆ ఆఖరివాడు హ్యాండిల్ లాక్ వేసి, తాళం నడుముకి దోపుకుని, ఎక్కడో కూర్చుని తాపీగా బజ్జీలు తింటూ ఉంటాడు. వాడు ఏ బజ్జీల బండి దగ్గర ఉన్నాడో ఎవరికీ తెలియదు.

సంతపెద్ద ఏనుగుగారు. ఆయనకి బండి లేదు, ఆయన్ని మోసే బండి ఇంతవరకూ తయారు కాలేదు. కాబట్టి పార్కింగ్ బాధ ఆయనకి బొత్తిగా తెలియదు. ఇలాంటివాళ్లనే ఏరి పెద్దలుగా పెట్టుకోవడం చెట్లపట్నంలో మొదటినుంచీ ఉన్న అలవాటు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. పొద్దున గంట కొట్టేసరికి ఎవరి దుకాణంలో వాళ్లు ఉండాలి. రెండుసార్లు ఆలస్యమైతే క్షమిస్తారు. మూడోసారి ఆ చోటు పక్క దుకాణం వాళ్లకి ఇచ్చేస్తారు.

ఎద్దు సోమన్న పచ్చగడ్డి అమ్ముతాడు. తెల్లారకుండా ఏటి లంకలోకి వెళ్లి, మంచు ఆరకముందే కోసి, మోపులు బండికి కట్టుకుని వస్తాడు. అతని దుకాణం వేపచెట్టు కింద. ఆ నీడలో గడ్డి సాయంత్రం దాకా వాడదు. పక్కదే నక్క కనకారావు దుకాణం. మోటారు సైకిళ్ల సీటు కవర్లు అమ్ముతాడు. అతని చోట నీడ చారెడు కూడా పడదు. మధ్యాహ్నమయ్యేసరికి కవర్లు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. సోమన్న మూడుసార్లు ఆలస్యమైతే వేపచెట్టు ఎవరికి వస్తుందో కనకారావుకి ఎవరూ చెప్పక్కర్లేదు.

సంత వాకిలి పక్కన, ప్రహరీగోడకీ ముసలి మేక ముత్తాలు పంక్చరు కొట్టుకీ నడుమ ఒక సందు ఉంది. సరిగ్గా ఒక్క బండి పడుతుంది. అది సోమన్నదని ఎక్కడా రాసి లేదు గాని, దూరం నుంచి బరువుతో వచ్చేవాడని అందరూ అతనికే వదిలేసేవారు. అక్కడ బండి ఆపి నాలుగడుగులు వేస్తే వేపచెట్టు.

ఒక సంతనాడు సోమన్న వచ్చేసరికి సందులో బూడిద గుమ్మడికాయ పగిలి ఉంది. ముక్కల మీద ఎర్రగా కుంకం, పక్కన రెండు నిమ్మచెక్కలు. ఎవరో దిష్టి తీసి కొట్టారు. సోమన్న కాలు కింద పెట్టబోయినవాడల్లా వెనక్కి తీసుకున్నాడు. బండి తిప్పుకుని సంతంతా తిరిగాడు. చోటు లేదు. ఒకచోట ఉందనుకుని దగ్గరికి వెళ్తే అక్కడ పందికొక్కు బుల్లి మోపెడ్ నక్కి ఉంది. చివరికి ఊరవతల ఎండిపోయిన కాలవ దగ్గర బండి పెట్టి, మోపులు నెత్తిన పెట్టుకుని రొప్పుకుంటూ వచ్చాడు. గంట కొట్టేశారు.

ఆ తర్వాతి సంతనాడూ అదే సందు, కొత్త గుమ్మడికాయ. మళ్లీ కాలవ, మళ్లీ నెత్తిన మోపులు. వేపచెట్టు కింద ఏనుగుగారు నిలబడి ఉన్నారు.

"సోమన్నా, ఇది రెండోసారి."

"బండి పెట్టడానికి చోటు దొరకలేదయ్యా."

"ఇంత అడవిలో చోటు దొరకలేదా? నేను రోజూ వస్తున్నాను. నాకెప్పుడూ దొరుకుతుందే."

అది నిజమే. ఏనుగుగారు ఎక్కడ నిలబడితే అక్కడ చోటు దానంతటదే దొరుకుతుంది.

"ఈసారికి వదిలెయ్యండయ్యా, పాపం పెద్దవాడు," అన్నాడు కనకారావు పక్కనుంచి. నోరు ఆ మాట అంటూనే ఉంది, కళ్లు మాత్రం వేపనీడ ఎంత పొడుగు, ఎంత వెడల్పు అని కొలుస్తున్నాయి.

"వదిలేస్తున్నాను. పై సంతకి గంట కొట్టేసరికి ఇక్కడ లేకపోతే ఈ చోటు కనకారావుది," అని ఏనుగుగారు వెళ్లిపోయారు.

ఎండలో గడ్డి పూటైనా ఆగదు. వాడిన గడ్డి చెట్లపట్నంలో గాడిద కూడా కొనదు. ఇంట్లో ఆవు ఉంది, చిన్న దూడ ఉంది. ఆ రోజు బేరం మీద సోమన్నకి ధ్యాస నిలవలేదు. మధ్యాహ్నం లేచి ముత్తాలు కొట్టు దగ్గరికి వెళ్లి కూలబడ్డాడు.

"ఎవరికి తగిలిన దిష్టో గాని అక్కా, నా కడుపు మీద కొడుతోంది."

ముత్తాలు ట్యూబుని నీళ్లలో ముంచి బుడగలు చూస్తోంది. తలెత్తకుండానే అంది. "ఎవరికీ తగల్లేదు. కనకారావే తెచ్చి కొడుతున్నాడు. సంతకి ముందురోజు సాయంత్రం అందరూ వెళ్లాక వస్తాడు, కాయ కొట్టి కుంకం చల్లి పోతాడు. పొద్దున గంటకి ముందు తీరిగ్గా వచ్చి, ముక్కలు తోకతో పక్కకి ఊడ్చి తన బండి పెట్టుకుంటాడు."

"నాకు ముందే చెప్పొచ్చు కదా?"

"చెప్తే నువ్వు గొడవ చేస్తావు. గొడవైతే వాడు కాయ తేవడం మానేస్తాడు. వాడు ఊడ్చిన ముక్కలు నేను తింటున్నాను." ముత్తాలు కాస్త సిగ్గుపడింది. "తప్పే తమ్ముడూ. కాయ మాత్రం లేతగా ఉంది."

"పోనీ ఏనుగుగారికి చెప్పు."

"గోడల మీద పోస్టర్లు తినేదాన్ని, నా మాట ఎవరు నమ్ముతారు? అవన్నీ ఎందుకు, ఈసారి తొక్కుకుంటూ పోయి నీ బండి పెట్టేసెయ్. నేను తింటేనే నాకేమీ కాలేదు, తొక్కితే నీకేమవుతుంది?"

"నువ్వు ఏది తిన్నా నీకేమీ కాదు. నా వల్ల కాదక్కా. దిష్టి తీసింది తొక్కకూడదని మా అమ్మ దూడప్పుడే చెప్పింది. కొట్టింది కనకారావే అని తెలిసినా సరే, కాలు పడదు."

"ఒక్క నువ్వేనా, సంతలో ఎవడికీ పడదు. వాడి ధైర్యం అదే మరి."

సోమన్న అక్కడే కూర్చుని నెమరు వేయడం మొదలుపెట్టాడు. పొద్దున తిన్న గడ్డితో పాటు ముత్తాలు ఆఖర్న అన్న మాట కూడా నోట్లోకి వచ్చింది. దాన్ని అటు నమిలాడు, ఇటు నమిలాడు. ముత్తాలు రెండు పంక్చర్లు వేసేసింది. అప్పుడు లేచాడు.

సంత బాగా ముదిరిన వేళ అది. సోమన్న తిన్నగా కనకారావు దుకాణం ముందుకి వెళ్లి, అందరూ చూస్తుండగా ముందుకాళ్లు వంచి దండం పెట్టాడు.

"ఇదేంటి మావా, పెద్దవాడివి నాకు దండం పెడతావేంటి," అని కనకారావు కంగారుపడ్డాడు.

"పెట్టాలి అల్లుడూ. ఆ సందులో దిష్టికాయ చూసి ఇంతమందిమి దడుచుకుని తప్పుకుంటున్నాం. నువ్వొక్కడివే దాని మీద బండి నిలబెడుతున్నావు. టైరు పంక్చరు కాలేదు, అద్దం పగల్లేదు. నీ దగ్గర ఏదో విద్య ఉంది. ఇన్నాళ్లూ మాకెవరికీ చెప్పకుండా దాచుకున్నావు."

చుట్టూ ఉన్నవాళ్లు బేరాలాపి చూశారు.

"అవునే," అంది నెమలి. "నా బండికి వారానికో గీత పడుతోంది. ఆయన బండి నిన్న కొన్నట్టే ఉంది."

"నా పెట్రోలు ఎవరో లాగేస్తున్నారు," అన్నాడు ఎలుగుబంటి భద్రం. "దిష్టే అనుకుంటున్నాను."

కనకారావు బుర్రలో లెక్కలు పరిగెత్తాయి. కాయ నేనే కొట్టానంటే వీళ్లు ఇక్కడే తంతారు. నాకే విద్యా లేదంటే, మరి భయపడకుండా ఎలా పెట్టావని అడుగుతారు. పైగా అంతమంది అలా కళ్లింతలు చేసుకుని చూస్తుంటే అతనికి ఒళ్లంతా హాయిగా ఉంది.

"మా తాతగారి దగ్గర కొద్దిగా నేర్చుకున్నాను," అన్నాడు కళ్లు సగం మూసి. "పైకి చెప్పుకునే అలవాటు లేదు."

ఆ సాయంత్రానికి కనకారావు సీటు కవర్లన్నీ అమ్ముడుపోయాయి. ఆయన చేత్తో తొడిగిన కవరుంటే బండికి దిష్టి తగలదని ఎవరో పుట్టించారు. ఎవరో ఏంటి, కనకారావే పుట్టించాడు.

పై సంత వచ్చింది. సోమన్న బిక్కుబిక్కుమంటూ వచ్చాడు. వాకిలి దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. ఇంజన్లు ఆపకుండా, ఒక్కొక్కరూ ఒక్కో గుమ్మడికాయ ఒళ్లో పెట్టుకుని, కనకారావు చేత బండికి దిష్టి తీయించుకుందామని ఎదురు చూస్తున్నారు. సోమన్న ఆశ పూర్తిగా వదులుకుని లోపలికి తొంగి చూశాడు. లోపల సంతంతా ఖాళీ. బండ్లన్నీ వాకిలి దగ్గరే ఉంటే లోపల ఇంకేముంటుంది? అతను జనం అంచున ఒదిగి లోపలికి దూరి, చక్కగా వేపచెట్టు మొదట్లోకి బండి పోనిచ్చి, స్టాండు వేసి, మోపులు దింపుకుని, గంటకి ముందే నెమరు మొదలుపెట్టాడు.

కనకారావు వచ్చాడు. జనం దారిచ్చారు. అతను ఠీవిగా వెళ్లి సందులో బండి పెట్టాడు. పెట్టీ పెట్టగానే ఆ బండికి ఆనించి నెమలి తన బండి పెట్టింది. దాని వెనక కుందేళ్లు, కుందేళ్ల వెనక అడవిపందులు, అందరికన్నా వెనక భద్రం. మహిమ ఉన్న బండికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిదని ఒకటే తోపులాట. అందరూ హ్యాండిల్ లాకులు వేశారు.

"ముందు నా బండికి దిష్టి తియ్యండి బాబూ."

"వరసలో రావమ్మా, మేం తెల్లారి నుంచీ ఉన్నాం."

"నేను దుకాణానికి వెళ్లాలి," అన్నాడు కనకారావు.

"వెళ్లొచ్చులెండి, ఎంతసేపు. కాయ తిప్పి కొట్టడమే కదా."

మూడో కాయ దగ్గర గంట కొట్టేశారు. కనకారావు దుకాణం ముందు ఏనుగుగారు నిలబడి, తొండంతో గాలిలో ఒకటి అని గీత గీశారు.

సాయంత్రం ఇంటికి పోదామంటే బండి గోడకీ కొట్టుకీ నడుమ ఇరుక్కుని ఉంది. ముందున్నవాళ్లందరూ వాళ్ల వాళ్ల బండ్లు తీసుకోవాలంటే భద్రం రావాలి. భద్రం ఏ తేనెపట్టు కింద నిద్రపోయాడో ఎవరికీ తెలియలేదు. ముందుకి వెళ్లడానికి లేదు, గోడ. పైకెత్తడానికి లేదు, అందరి హ్యాండిళ్లూ ఒకదాంట్లో ఒకటి దూరి ఉన్నాయి. కనకారావు కాసేపు హారను కొట్టాడు. నడుచుకుంటూ ఇంటికి పోయాడు.

భద్రం ఇంకా దొరకలేదు, బండి లేదు గనక పై సంతకీ నడిచే వచ్చాడు. గంట దాటాక చేరాడు. రెండో గీత.

కనకారావుకి ఇప్పుడు నిజంగా భయం పట్టుకుంది. వాకిలి దగ్గర రాయెక్కి నిలబడ్డాడు. "నాకే విద్యా లేదు. ఆ కాయ నేనే కొట్టాను. సోమన్న మావ చోటు కోసం కొట్టాను. నన్ను వదిలెయ్యండి," అన్నాడు.

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చూశావా ఎంత అణకువో," అంది నెమలి, కళ్లు తుడుచుకుంటూ.

తర్వాతి సంతకి భద్రాన్ని నిద్రలేపి బండి విడిపించుకున్నాడు గాని, దాన్ని వాకిలి దాకా తేవడానికి ధైర్యం చాలలేదు. ఎవరి కంటా పడకుండా ఊరవతల ఎండిపోయిన కాలవ దగ్గర పెట్టి, కవర్ల మూట నెత్తిన పెట్టుకుని పరిగెత్తాడు. ఆ దారి ఎంత దూరమో సోమన్నని అడిగితే చెప్పేవాడు. కనకారావు సగం దారిలో ఉండగా గంట వినపడింది.

"మూడు," అన్నారు ఏనుగుగారు. "ఏం చెప్తావు?"

"బండి పెట్టడానికి చోటు దొరకలేదయ్యా," అన్నాడు కనకారావు రొప్పుతూ.

"అందరూ ఇదే మాట నేర్చుకున్నారు. సోమన్నా, ఈ చోటు నీది."

సోమన్న నమలడం ఆపాడు. "నా నీడ నాకు చాలయ్యా. ఈ చోటు బండ్లు పెట్టుకోవడానికి వదిలెయ్యండి. సర్దుకుంటే చాలానే పడతాయి."

ఏనుగుగారు చాలాసేపు ఆలోచించారు. "బండ్లకి కూడా చోటు కావాలా?" అన్నారు ఆశ్చర్యంగా. ఆ సంగతి ఇన్నేళ్లకి ఆయనకి తెలిసింది.

అలా చెట్లపట్నానికి మొదటి పార్కింగ్ స్థలం వచ్చింది. దానికి కాపలా ఎవరంటే అందరూ ఒక్కగొంతుతో కనకారావు పేరే చెప్పారు. ఇప్పుడు అతను పొద్దుటినుంచి సాయంత్రం దాకా అదే ఎండలో నిలబడి, వచ్చిన ప్రతి బండికీ గుమ్మడికాయ తిప్పుతున్నాడు. ముక్కలు ముత్తాలు తింటోంది. ఆమె బాగా ఒళ్లు చేసింది.

"తమ్ముడూ, ఇదంతా నువ్వు ముందే అనుకున్నావా?" అని ఆమె ఒకరోజు అడిగింది.

"సగం అనుకున్నాను," అన్నాడు సోమన్న. "మిగతా సగం వాళ్లే చేసిపెట్టారు."

అప్పుడే కనకారావు పొద్దు వాలింది కదా అని ఇంటికి బయల్దేరాడు. అతని బండి వెనక భద్రం బండి ఉంది. హ్యాండిల్ లాక్ వేసి ఉంది.

నీతి: పక్కవాడి చోటుకి అడ్డం పెట్టేవాడు, ముందు తన బండి బయటికి వచ్చే దారి చూసుకోవాలి.