ఆయమ్మ గీసిన సుద్దగీత

“అమ్మా! నన్నొదిలి పోవద్దే!”

ఆ కేక వీధి చివర ఇడ్లీ బండి దాకా వినిపించింది.

అనగనగా ఒక పట్నం. ఆ పట్నంలో ఓ ఇరుకు సందు, ఆ సందులో మూడు గదుల చిన్న బడి. ఏ దేవుడికి మొక్కే ఇంటి బిడ్డ వచ్చినా అక్కడ పరిచేది ఒకటే చాప. పిల్లల్ని కనిపెట్టుకునేది ఆయమ్మ సైదమ్మ.

ఆ కేక పెట్టింది నాలుగేళ్ల హిమజ. బడికి అదే తొలిరోజు. “బిస్కెట్లు తెస్తా, ఇప్పుడే వస్తా” అని తల్లి జారుకుంది.

కాపలా తాత, “మీ అమ్మ గోడ అవతలే ఉందమ్మా” అన్నాడు. పిల్ల గేటు సందులోంచి చూసింది. చెత్తబండి ఉంది, అమ్మ లేదు. ఏడుపు పెరిగింది.

“అయిదు నిమిషాల్లో వస్తుంది బంగారం” అంది టీచరు. పిల్ల అయిదు వేళ్లూ లెక్కపెట్టింది. అమ్మ రాలేదు. ఇక చూస్కోండి, బడి పైకప్పు లేచిపోయిందనుకోండి!

సైదమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుని, పిల్ల ముందు గొంతుక్కూర్చుంది.

“మీ అమ్మ ఇప్పుడు రాదు తల్లీ.”

“అయ్యో సైదమ్మా, అదేం మాట!” అంది టీచరు.

“ఉన్న మాటేనండీ.”

హిమజ విస్తుపోయి ఏడుపు ఆపేసింది. సైదమ్మ నేలమీద సుద్దతో గీత గీసింది.

“ముందు గంట కొడతారు. తర్వాత తాలింపు వాసనొస్తుంది. ఆ తర్వాత గోడనీడ తగ్గి ఈ గీతను తాకుతుంది. అప్పుడొస్తుంది మీ అమ్మ. తొలిరోజు అమ్మలంతా ఇక్కడే భోంచేస్తారు.”

గంట మోగింది. పిల్ల తలెత్తింది. తాలింపు ఘాటుకు తుమ్మింది. “ఇదీ నిజమే!” అంది.

నీడ గీతను తాకింది. అమ్మలంతా వచ్చారు. హిమజ వాళ్లమ్మ మాత్రం రాలేదు.

“మలుపు దాకా వచ్చిందని చెప్పు సైదమ్మా, మళ్లీ మొదలెడుతుంది” అని టీచరు గుసగుసలాడింది.

ఆ మాట సైదమ్మ నోటిదాకా వచ్చింది. మింగేసింది.

“నా లెక్క తప్పింది తల్లీ. అమ్మ ఎందుకు రాలేదో నాకు తెలీదు. వచ్చేదాకా నీ చెయ్యి మాత్రం వదలను.”

పిల్ల పెదవి వణికింది. కానీ ఏడవలేదు. ఆయమ్మ వేలు గట్టిగా పట్టుకుంది.

“ఆకలేస్తోంది ఆయమ్మా!” అని యూసుఫ్ అనే పిల్లాడు పళ్లెం వాయించాడు.

“ఆగరా! మా అమ్మ రావాలి” అంది హిమజ.

అంతలో తల్లి వచ్చింది. ఒక చేతిలో తెగిన చెప్పు, ఇంకో చేతిలో బిస్కెట్ల పొట్లం, ఒళ్లంతా చెమట.

“ఇప్పుడే వస్తానన్నావు. అబద్ధం” అంది పిల్ల.

తల్లి తల దించుకుంది. “రేపట్నుంచి ఉన్న మాటే చెప్తానే” అంటూ గుండెకు హత్తుకుంది.

అందరూ చాపమీద కూర్చున్నారు. రోజూ అందరి తర్వాత తినే సైదమ్మ గరిటె పట్టుకుని నిలబడే ఉంది. హిమజ ఆమె కొంగు లాగింది.

“నువ్వూ కూర్చో ఆయమ్మా. నేనూ నీ చెయ్యి వదలను.”

సైదమ్మ కూర్చుంది. అప్పుడు కలిపారు అందరూ తొలిముద్ద.

చూశారా పిల్లలూ, ఏడుపు ఆపడానికి చెప్పే తియ్యటి అబద్ధం కంటే, చెయ్యి పట్టుకుని చెప్పే నిజమే మనసుకు ధైర్యం.