రెండు వైపులా చెక్కిన రాయి

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు మొగలిపాలెం జనం ఒక రాయి నిలబెట్టాలనుకున్నారు. నలభై రెండు ఆగస్టు పద్నాలుగున టెలిగ్రాఫ్ తీగలు తెంపి జైలుకెళ్లిన ఐదుగురి పేర్లు దానిమీద ఉండాలి. వాళ్లలో సింహాద్రి జైల్లోనే కన్నుమూశాడు. పేర్లు చెక్కాల్సినవాడు అతని అన్న అసిరయ్య, ఊరికి ఒక్కడే రాతిపనివాడు.

జమీందారు భూపతిరాజు అసిరయ్యను పిలిపించాడు.

"ఆ రాతిమీద నా పేరూ ఉండాలి. లేదా, నా కొండ నుంచి గులకరాయి కూడా కదలదు."

అసిరయ్యకు ఒళ్లు మండింది. గొడ్లసావిడి వెనక బోర్లాపడి ఉన్న నల్లరాతి పలక కంటపడింది. స్వరాజ్యం వచ్చిన వారానికే జమీందారు దాన్ని గేటు దగ్గర నుంచి పీకించి అక్కడ పారేయించాడు.

"కొండరాయి ఎందుకు బాబూ, ఇది ఇప్పించండి. మీ పేరున్న రాయే నిలబెడతాను."

"పట్టుకుపో, పీడా పోతుంది."

ఆవిష్కరణ రోజు ఊరంతా చూస్తుండగా రాతిమీది ముసుగు తీశారు. ఐదు పేర్లే ఉన్నాయి.

"నా పేరేదిరా?" అని గుడ్లురిమాడు జమీందారు.

"వెనకవైపుంది బాబూ."

జనం వెనక్కి నడిచారు. అక్కడ ఆరేళ్ల కిందట ఆయనే అసిరయ్య చేత చెక్కించిన అక్షరాలున్నాయి: "భూపతిరాజు గారు తెల్లదొరవారికి విందుచేసి సన్మానించిన శుభదినం, 14 ఆగస్టు 1942."

"చెరిపెయ్!" అని అరిచాడు జమీందారు.

అసిరయ్య ఉలిని సంచిలో వేసి దాని మూతి బిగించాడు.

"ఎవరూ మరిచిపోకూడదనే కదా బాబూ, రాతిమీద చెక్కించారు?"