అరటాకులో మేక

మా ఊళ్ళో ఎవరికి ఏ అనుమానం వచ్చినా మా ఇంటికే వస్తారు. మేం చెప్పింది శ్రద్ధగా వింటారు. విని, సరిగ్గా దానికి విరుద్ధంగా చేస్తారు. పని జరిగిపోతుంది. అంత తెలివి మాది. మా అన్నయ్య గవరయ్య చెప్పిన మాట చెప్పినట్టు పాటిస్తాడు. వదిన సత్తెమ్మ ఆ మాటకి కారణం కనిపెడుతుంది. నేను ఆ కారణాన్ని ఇంకాస్త పొడిగిస్తాను.

మా నాయనమ్మ పెళ్ళై వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి ఒక అరటి పిలక తెచ్చుకుంది. ఆ పుట్టిల్లున్న లంక మొత్తం గోదారి కోతకి పోయింది. మిగిలింది మా పెరట్లో ఉన్న ఆ ఒక్క అరటి దుబ్బే. దానికి తెగులు పట్టింది. ఆకులు కురచబడి, పైన గుత్తిలా ముడుచుకుపోయాయి. నాయనమ్మ దాని పక్కనే పీట వేసుకుని కూర్చుంది. "ఇది కూడా పోతే ఇక నా పుట్టింటి గుర్తేమీ ఉండదురా" అంది. మాకు గుండె తరుక్కుపోయింది.

అన్నయ్యా నేనూ పట్నంలో అరటి మీద పరిశోధన చేసే శశిరేఖ గారి దగ్గరికి పరిగెత్తాం. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. "ప్రాణమున్న ప్రతిదాని లోపలా నాలుగే అక్షరాలతో పొడుగాటి రాత ఉంటుందండీ. అరటిది అరటికే, తెగులుది తెగులుకే. మా మిషను ఆ అక్షరాల వరస చదువుతుంది. దాన్ని మా దగ్గరున్న వరసలతో పోల్చి ఏ తెగులో చెప్పేస్తాం. ఒక ఆకు ముక్క తెండి. చేత్తో ముట్టుకోకండి. చల్లగా ఉంచండి."

అంతే. ఇంటికొచ్చి అన్నయ్య చేతులు వెనక్కి కట్టుకుని ఆకుని పళ్ళతో కొరికాడు. "చేత్తో వద్దన్నారు గానీ నోటితో వద్దనలేదుగా" అన్నాడు, నోట్లో ఆకుతోనే. మాట్లాడాడు కదా, ఆకు జారి కింద పడింది. మా మేక దొరసాని అక్కడే ఉంది. ఇంకేముంది, లటుక్కున అందుకుంది. నేను కాళ్ళతో దాని నోరు విడదీసి సగం ఆకు కాపాడాను. ఇక చల్లదనం సంగతి. "మజ్జిగని మించిన చలవ ఏముంది" అని వదిన దాన్ని గేదె మజ్జిగలో ముంచింది. చప్పగా ఉంటుందని కాస్త ఉప్పు కూడా వేసింది.

ఆ ఆకు ఇచ్చొచ్చిన కొన్నాళ్ళకి శశిరేఖ గారు పిలిపించారు. "ఇందులో అరటి ఉంది. మనిషి కూడా ఉన్నాడు. మేక ఉంది, గేదె ఉంది. అసలు ఏం చేశారండీ మీరు?"

"చూశావా, మన ఇంట్లోవాళ్ళందరూ ఉన్నారు" అని అన్నయ్య నా చెవిలో గర్వంగా అన్నాడు.

జరిగింది విని ఆవిడ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. ఇంత గోలలోనూ తెగులు తెచ్చిన వైరస్ వరస దొరికిందట. ఇక మమ్మల్ని నమ్మకుండా తనే వచ్చి, ఒక పిలక తీసుకుని, రోగం దుబ్బుని తవ్వించేశారు. ఆ పిలక మొవ్వులోంచి నెలల తరబడి కష్టపడి మొక్కని పెంచారు. కుండీ తెచ్చి నాయనమ్మ చేతికిచ్చి, "వరస చదివి చూశామమ్మా. వైరస్ లేదు. ఇది అచ్చంగా మీ పుట్టింటి అరటే. కన్నబిడ్డలా చూసుకోండి" అన్నారు. నాయనమ్మ ఏడ్చేసింది.

కన్నబిడ్డ సరే, కన్నవాళ్ళెవరు? ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. మిషను ఎవరెవరి పేర్లు చెప్పిందో వాళ్ళే కదా దీని బంధువులు. మనుషులమా, మాకు పొలం పనులున్నాయి. గేదె అయితే తొక్కేస్తుంది. "దొరసాని ఉందిగా. రెండు ఈతలు ఈనింది, పిల్లల్ని సాకడం దానికి తెలుసు" అంది వదిన. నేనే స్వయంగా దొరసానిని కుండీ పక్కన కట్టేశాను. తలుపేసుకుని అందరం పొలానికి వెళ్ళాం. ఇంకేముంది. తిరిగొచ్చేసరికి కుండీ ఉంది, దొరసాని ఉంది, మొక్క లేదు.

నాయనమ్మ ఖాళీ కుండీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తిట్టినా బాగుండేది. అప్పుడు నా తెలివి పనిచేసింది. "ఆకులో మేకని పట్టుకున్న మిషనుకి, మేకలో ఆకుని పట్టుకోవడం ఎంతసేపు" అన్నాను. అంతే, నలుగురం దొరసానిని తీసుకుని బయల్దేరాం. కండక్టరు మేకని లోపలికి రానివ్వకపోతే బస్సు పైన కట్టేశాం.

"ఇందులోంచి మా అరటి తీసి ఇప్పించండి. తొందరేం లేదు, కూర్చుంటాం" అన్నాడు అన్నయ్య.

శశిరేఖ గారు దొరసానిని చూశారు, మమ్మల్ని చూశారు. లోపలికెళ్ళి ఇంకో కుండీ తెచ్చారు. "మీ సంగతి తెలిసి ఆ మొక్క తోబుట్టువుని దాచి ఉంచానమ్మా. ఇదే ఆఖరుది. ఇంకేం గుర్తున్నా లేకపోయినా, దీన్ని మాత్రం బాగా ఎత్తైన చోట పెట్టండి." నాయనమ్మ ఆవిడ చేతులు కళ్ళకద్దుకుంది.

ఈసారి మేం పొరపాటుకి చోటివ్వదలుచుకోలేదు. బస్టాండులో నాలుగు పక్కలా చూశాం. అన్నిటికంటే ఎత్తైన చోటు బస్సు పైకప్పే. దొరసానిని ఎక్కించాక అన్నయ్య కుండీని కూడా పైకి చేర్చి, కదలకుండా గట్టిగా కట్టాడు. వేరే తాడు లేక దొరసాని తాడుతోనే కట్టాడు.

బస్సు కదిలింది. లోపల నలుగురం నిశ్చింతగా కూర్చున్నాం. పైనుంచి దొరసాని ఒకసారి అరిచింది, తర్వాత చాలాసేపు చప్పుడు లేదు.

"బిడ్డ నిద్రపోయినట్టుంది" అంది నాయనమ్మ.