దీవెనమ్మ కుండ, యునీకమ్మ కడుపుమంట

అనగనగా ఒక అడవిలో, రెండు కొండల నడుమ, ఒక చిన్న మందిరం ఉండేది. దాని గంట కోతులు కొట్టేవి. ఎవరూ కొట్టమనకపోయినా కొట్టేవి, అది వేరే సంగతి. ఆదివారం వచ్చిందంటే జంతువులన్నీ శుభ్రంగా తయారై అక్కడికి చేరేవి. జెకర్యా అయ్యగారని ఒక ఎలుగుబంటి వాక్యం చెప్పేవాడు. కొంచెం ఎక్కువసేపే చెప్పేవాడు, పాపం.

ఆ మందిరానికి వచ్చేవాళ్ళలో యునీకమ్మ అనే కుందేలు ఒకతి. ఆమెకు ఐదుగురు పిల్లలు, ఒక కొర్ర చేను. పనిమంతురాలే. ఆమె చేలో కలుపు మొక్క ఒక్కటి చూపించండి చూద్దాం! కానీ ఒక్క జబ్బుండేది. పక్కవాళ్ళకు మంచి జరిగిందంటే ఆమెకు అన్నం సయించేది కాదు.

ఒక ఆదివారం అయ్యగారు దిగులుగా లేచి నిలబడ్డాడు.

"కొండ అవతల ఏం జరిగిందో విన్నారా అమ్మా? సముద్రాల అవతలి నుంచి కొంగ దొర ఒకడు దిగాడు. అందరి చేతా తన విత్తనమే వేయించాడు. పండిందంతా ఓడకెక్కించాడు. దాచుకున్న గింజలు రెండో ఏడు మొలవనే లేదు. ఇప్పుడు వాళ్ళు తమ చేలల్లోనే అతని దగ్గర కూలి చేస్తున్నారు. అయ్యో అనుకుని ఊరుకుంటే ఎలా? దేవుడు మనకిచ్చిన విత్తనం మన చేతిలోనే ఉండాలి. ఏదైనా దారి ఆలోచించండి."

స్త్రీల సమాజంలో పెద్దది హన్నమ్మ అవ్వ. తాబేలు. ఆమె మెల్లగా మెడ బయటికి చాపింది.

"వండే ముందు తలా పిడికెడు దేవుడికని తీసి పెడుతున్నాం కదయ్యా. ఇకనుంచి ఆ పిడికెడు దంచక ముందే తీద్దాం. మందిరంలో ఒక కుండ పెట్టి విత్తనం దాచుకుందాం. మిగిలిన పంట గంట కిందే సంత పెట్టుకుని మనలో మనం మార్చుకుందాం."

"బాగుంది గానీ అవ్వా, ఏనుగు పిడికెడెక్కడ, ఉడుత పిడికెడెక్కడ? రెండూ ఒకటేనా? ఇదెక్కడి న్యాయం?" అని యునీకమ్మ అడిగింది.

"ఒకటేనే తల్లీ. వేసేటప్పుడు నీ చెయ్యెంతో అంత. తీసుకునేటప్పుడు నీ ఇంట్లో ఎన్ని నోళ్ళో అంత. ఇదే న్యాయం."

యునీకమ్మ మూతి ముడుచుకుంది. అసలు సంగతి ఆ తర్వాత వచ్చింది. కుండ ఎవరు చూసుకోవాలి? తన పేరే చెబుతారని యునీకమ్మ చెవులు సర్దుకుని, లేవడానికి సిద్ధంగా కూర్చుంది. అవ్వ ఏమందో తెలుసా?

"మన ఉడుత దీవెనమ్మకు అప్పజెబుదాం. వాసన చూసి గింజ మంచిచెడ్డలు చెప్పేస్తుంది."

అందరూ సరే సరే అన్నారు. లేవబోయిన యునీకమ్మ మళ్ళీ కూర్చుంది. ఒళ్ళు భగ్గుమంది. "గుప్పెడంత లేదు, దీనికి పెత్తనమా!" అని పళ్ళు కొరికింది.

మొదటి ఆదివారం అందరూ ముందు దీవెనమ్మ దగ్గరికే వెళ్ళి వందనాలు చెప్పారు. యునీకమ్మకు కళ్ళు మండాయి. రెండో ఆదివారం దీవెనమ్మను ముందు చాప మీద కూర్చోబెట్టారు. యునీకమ్మ ఆ పూట పాటే పాడలేదు. మూడో ఆదివారం అయ్యగారు ప్రార్థనలో దీవెనమ్మ పేరెత్తి మరీ దేవుడికి స్తోత్రం చెప్పాడు. ఇక చూడండర్రా, ఆమెకు కడుపులో కుంపటి పెట్టినట్టయింది.

ఆ రోజు ఇంటికి వెళ్ళి ఏం చేసిందనుకున్నారు? పిడికెడు కొర్రలు మూకుట్లో పోసి దోరగా వేయించింది. వేయించిన గింజ మొలుస్తుందా? మొలవదు. "విత్తనం మొలవకపోతే మాట పడేది కుండ కాపలాదారే కదా! అప్పుడు చూస్తా ఆ ముందు చాప మీద ఎవరు కూర్చుంటారో" అని నవ్వుకుంది. అది మొదలు వారం వారం వేయించిన కొర్రలే తెచ్చి, అందరిలాగే కళ్ళు మూసుకుని, కుండలో వేసి పోయేది.

విత్తనాలు వేసే రోజులు వచ్చాయి. ఆ ఏడు అందరి ఇళ్ళలోనూ పాత విత్తనం ఉంది కనుక కుండ ముట్టలేదు. కొంగ దొర ఇటువైపూ వచ్చాడు. ఎవరూ పలకలేదు. యునీకమ్మ చేను గట్టున మాత్రం ఒంటికాలి మీద నిలబడ్డాడు.

"ఇంత పనిమంతురాలివి, నీ విలువ ఇక్కడెవరికి తెలుసమ్మా? నా విత్తనం వెయ్యి. పంట నాకివ్వు. మూడు వరసల ఎర్రపూసల దండ ఇస్తాను. దండ వేసుకుని మందిరానికి వెళ్ళావంటే ఆ ఉడుతను ఎవరైనా చూస్తారా?"

మిగతావేవీ ఆమె చెవికెక్కలేదు. "ఉడుత" అన్న మాట ఒక్కటే ఎక్కింది. ఇంట్లో ఉన్న పాత విత్తనాన్ని దంచి పిల్లలకు వండిపెట్టేసి, కొంగ విత్తనం చల్లింది.

పంట విరగపండింది. కొంగ దొర మొత్తం మోసుకుపోయి, ఒక్క వరస దండ ఇచ్చాడు.

"మూడు వరసలన్నావు కదయ్యా?"

"అక్కడి సంతలో ధర పడిపోయిందమ్మా."

"ఎక్కడి సంత? నాకు చూపించు."

"నీకు కనబడేంత దగ్గరేం కాదులే" అని ఎగిరిపోయాడు.

అయినా దండ వేసుకుని మందిరానికి వెళ్ళింది. ఎవరూ చూడలేదు. గంట కింద సంతలో అందరూ కొర్రలకు తేనె, తేనెకు చింతపండు మార్చుకునే సందడిలో ఉన్నారు. మార్చుకోవడానికి తన దగ్గరేముంది?

మళ్ళీ ఏడు, కోతప్పుడు చేలో రాలితే ఏరి దాచుకున్న నాలుగు గింజలూ చల్లింది. వాన పడింది. ఒక్క మొక్క లేవలేదు. పిల్లలు చేను చుట్టూ తిరిగి వచ్చి, "అమ్మా, ఆకలి" అన్నారు. కొంగ దొర గట్టున వాలాడు.

"ఏం పర్లేదు. రేపు సాయంత్రం వస్తా. చేను నాకు రాసివ్వు. నీ చేలో నువ్వే కూలి చేసుకుందువు గాని."

ఇక మిగిలింది ఆ కుండే. తన చేత్తో తాను చెడగొట్టిన కుండ!

మర్నాడు మందిరంలో విత్తనాలు పంచుతున్నారు. యునీకమ్మ అందరికన్నా వెనక, చెవులు వాల్చుకుని నిలబడింది. దీవెనమ్మే చూసి పిలిచింది.

"రా యునీకక్కా. మీ ఇంట్లో ఎన్ని నోళ్ళు?"

"ఆరు."

అందరికన్నా ఎక్కువ వాటా ఆమెదే. దీవెనమ్మ కొలిచి పోయబోతుంటే యునీకమ్మకు ఏడుపు ఆగలేదు.

"పొయ్యొద్దు దీవెనమ్మా! అవి మొలవవు. నీ మీద కుళ్ళుతో వేయించిన కొర్రలు కలిపాను. అందరి నోటి దగ్గర కూడు చెడగొట్టాను."

దీవెనమ్మ దగ్గరికి జరిగింది.

"నాకు తెలుసక్కా. మొదటిసారే వాసన పట్టాను. నీవి ఏ వారానికావారం విడిగా తీసి, హన్నమ్మ అవ్వకు జావ కాచాను. యునీకక్క ఇచ్చినవని చెప్పాను, అంతే."

హన్నమ్మ అవ్వ నోరు తెరిచింది. "ఓసి నీ ఇల్లు బంగారం గానూ! పళ్ళు లేని ముసలిదాని కోసం వేయించి మరీ పంపుతున్నావని, ఏడాదిగా నీ కోసమూ నీ పిల్లల కోసమూ ప్రార్థన చేస్తున్నానే!"

యునీకమ్మకు తల కొట్టేసినట్టయింది. మెడలోని దండ తీసి పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేసింది. ఆ పూటే అందరూ ఆమె చేలోకి దిగి విత్తనం చల్లారు. సాయంత్రం కొంగ దొర వచ్చేసరికి గట్టు మీద ఏనుగు నుంచి ఉడుత దాకా అందరూ నిలబడి ఉన్నారు. అతను రెండో కాలు కిందపెట్టకుండానే లేచి పోయాడు.

మరి యునీకమ్మ కుళ్ళు పూర్తిగా పోయిందా అంటారా? లేదర్రా, అబద్ధమెందుకు. దీవెనమ్మ తోక కనబడితే ఇప్పటికీ కొంచెం మండుతుంది. కానీ కుండలో పిడికెడు వేసే ముందు ఒక గింజ కొరికి చూసుకుంటుంది, పచ్చిదేనా అని.

నీతి: పక్కవాళ్ళ మీద అసూయపడితే మన చేను పరాయివాళ్ళ పాలవుతుంది; తలా పిడికెడు కలిపి దాచి, ఆకలిని బట్టి పంచుకుంటే అందరి చేలూ నిలుస్తాయి.