బొల్లయ్య ఆర్పిన బట్టీలు

అనగనగా, వాన అడిగితే కురిసి, గాలి అడగకముందే వీచే మంచికాలంలో, ధవళగిరి అనే రాజ్యం ఉండేది. దానిని జయకేతనుడనే రాజు ఏలుతూ ఉండేవాడు.

ఆ రాజధాని వెలుపల, తూర్పు దిక్కున, బొల్లయ్య అనే సున్నపు బట్టీ పెద్ద కాపురముండేవాడు. సున్నపురాళ్లను కట్టెల నడుమ పేర్చి, కాల్చి, సున్నం చేయడం అతనికి తాతలనాటి వృత్తి. ఆ వృత్తికి పెద్దలు మూడు కట్టుబాట్లు పెట్టారు. గుప్పెడు ఊక ఎగరవేసి చూడాలి; అది ఊరివైపు సాగితే ఆనాడు నిప్పు రాజేయరాదు. పచ్చికట్టె వాడరాదు. ఒక కాల్పు ముగిసి బట్టీ పూర్తిగా చల్లారనిదే మరొక కాల్పు మొదలుపెట్టరాదు.

"ఇంత పట్టింపు దేనికి?" అని ఎవరైనా అడిగితే, బొల్లయ్య నవ్వేవాడు. "గాలి మన ఇంటికి పిలవకుండా వచ్చే చుట్టం. చుట్టం ముఖాన పొగ ఊదుతామా?" అనేవాడు.

రాజమాత పేరిందేవి అంటే బొల్లయ్యకు దేవతతో సమానం. వెనుక ఒక గాలివాననాడు అతని ఇల్లాలు సూరమ్మ నొప్పులు పడుతుంటే, ఆమె తన పల్లకీని ఆ వానలోనే పంపి మంత్రసానిని రప్పించింది. తల్లీ బిడ్డా దక్కారు. అది మొదలు బొల్లయ్య ఏటేటా ముత్యపు చిప్పలు కాల్చి, వెన్నవంటి తాంబూలపు సున్నం చేసి, చిన్న పిడతలో ఉంచి, స్వయంగా ఆమెకు సమర్పించి వచ్చేవాడు.

ఇట్లా ఉండగా, ఒకనాడు కొలువులో ఒక కవి రాజును స్తుతించాడు. కీర్తి తెల్లనిదని కవుల మతం కదా. "ప్రభూ, నీ కీర్తి మల్లెకంటె తెల్లన, శంఖంకంటె తెల్లన, శరత్కాల మేఘంకంటె తెల్లన" అన్నాడు. రాజు ఉప్పొంగిపోయి గవాక్షంలోనుంచి తన కోటను చూసుకున్నాడు. గోడలు ఎర్రమట్టి రంగున ఉన్నాయి. మనసు చివుక్కుమన్నది.

వెంటనే పోలన మంత్రిని పిలిచి, "కోటకంతటికీ వెల్ల వేయించు. మూడు నెలలలో అది మేఘంలా మెరవాలి" అన్నాడు.

పోలన బట్టీ దగ్గరకు వచ్చాడు. బొల్లయ్య ఊక ఎగరవేసి చూపించాడు. "గాలి ఊరివైపున్నదండీ. నాలుగు రోజులు ఓపిక పట్టాలి."

"రాజు ఆజ్ఞ ఇచ్చాక ఊకను అడిగేదేమిటయ్యా? వెలిగించు" అన్నాడు పోలన.

బొల్లయ్య తలవంచి వెలిగించాడు. మొదటి కట్టుబాటు పోయింది. కోట తెల్లబడింది, కాని పక్షం తిరిగేసరికి పొగ పట్టి బూడిదరంగుకు దిగింది. "ఇంకొక పూత వేయండి" అన్నాడు రాజు. ఒక బట్టీ మూడయింది. ఎండుకట్టె చాలక పచ్చికట్టె వచ్చింది. రెండో కట్టుబాటు పోయింది. కోట మళ్లీ తెల్లబడి మళ్లీ నల్లబడింది. మూడు బట్టీలు తొమ్మిదయ్యాయి. వాటికి చల్లారే తీరికే లేదు. మూడో కట్టుబాటూ పోయింది.

గోడ మాసినకొద్దీ సున్నం కావాలి. సున్నం కాల్చినకొద్దీ గోడ మాసిపోతుంది. గంతలు కట్టిన గానుగెద్దులా రాజ్యమంతా ఒకే చోట తిరుగుతున్నది.

మామిడిపూత మసిబారి రాలిపోయింది. తేనెటీగలు పట్టు విడిచి వెళ్లాయి. చిలుకలు కొండ దాటాయి. పసిపిల్లలు దగ్గుతూ నిద్ర లేచేవారు. ముసలివారు రెండు మెట్లెక్కి మూడోమెట్టున చతికిలబడేవారు.

ఆ ఏడు కూడా బొల్లయ్య సున్నపు పిడత పట్టుకొని రాజమాత దర్శనానికి వెళ్లాడు. ఆమె ఎప్పటి మందిరంలో లేదు. కోటలోకెల్లా ఎత్తైన మేడగదిలో, దిండ్లకు ఆనుకొని కూర్చొని, ఒక్కొక్క ఊపిరినీ తోడుకుంటున్నది.

"రారా బొల్లయ్యా," అన్నదామె. "నీ చేతి సున్నానికి వంక పెట్టలేను. ఆకు నమిలేందుకే ఊపిరి చాలడం లేదు."

"తల్లీ, వైద్యులు చూడలేదా?"

"చూడకేం? మొదట రాజవైద్యుడు పెరుగన్నం మాన్పించాడు, నోటి రుచి పోయింది. తరువాత జ్యోతిష్కుడు తలుపులన్నీ మూయించాడు, నిద్ర పోయింది. చివరకు వాస్తుపండితుడు పైకెక్కిస్తే మంచిగాలి తగులుతుందన్నాడు. ఇక మిగిలింది ఈ కాస్త ప్రాణమే. నాలుగో పండితుడు వచ్చేలోగా నేను వెళ్లిపోతే నయం." ఆమె నవ్వబోయింది. ఆ నవ్వు దగ్గుగా మారి ఎంతకూ తెగలేదు.

బొల్లయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెకు గాలి తగలాలని గవాక్షం తెరిచాడు. తెరిచి, అట్లాగే నిలబడిపోయాడు.

దూరాన తూర్పున తొమ్మిది బట్టీలు. తొమ్మిది పొగపాయలు పైకి లేచి, ఒక్కటిగా అల్లుకొని, తిన్నగా ఈ గవాక్షంలోకే వస్తున్నాయి. ఇన్నాళ్లూ అతడు ఆ పొగను బట్టీ దగ్గర నిలబడి చూశాడు. అది పోయి చేరే చోట నిలబడి ఎన్నడూ చూడలేదు.

పిడత అక్కడే ఉంచి, నేరుగా కొలువుకు వెళ్లాడు.

"ప్రభూ, రాజమాతకు వచ్చిన వ్యాధి నా బట్టీలనుంచి వచ్చింది" అన్నాడు చేతులు జోడించి.

పోలన పకపకా నవ్వాడు. "ఏమిరా, వంటవాడే తన వంటలో విషముందని చాటుకున్నట్టుందే. బట్టీ వేడికి తల తిరిగిందా?"

"తిరిగినది ఇప్పుడు కాదు, మంత్రిగారూ. కట్టుబాటు తప్పి వెలిగించిననాడే తిరిగింది. తమరు ఆజ్ఞాపించారు, నిప్పు పెట్టింది మాత్రం ఈ చేయి."

రాజు కనుబొమలు ముడిచాడు. "నా కోట వెల్లకు వంక పెడుతున్నావు. నీ మాట అబద్ధమైతే?"

"నన్ను రాజ్యం దాటించండి."

"నిజమైతే?"

"బట్టీలు ఆర్పించండి."

రాజు సింహాసనంలో ముందుకు వంగాడు. "ఎటు తేలినా పోయేది నీ బతుకే కదయ్యా. ఎందుకు చెప్పావు?"

"ఆ తల్లి దయవల్ల నా ఇంట దీపం నిలిచింది, ప్రభూ. అటువంటి తల్లి ఊపిరి నా పొగలో ఆరిపోతుంటే, నేనేం తిని బతకను?"

తనకు మేలు కలుగుతుందని మాట్లాడేవారిని రాజు ఎందరినో విన్నాడు. చేటు కలుగుతుందని తెలిసీ మాట్లాడినవాడిని అప్పుడే చూశాడు. మూడు రోజులు తొమ్మిది బట్టీలూ ఆర్పమని ఆజ్ఞ ఇచ్చాడు.

బొల్లయ్య తన చేతులతోనే నిప్పు ఆర్పాడు. రోజుకొక తెల్లని తడిగుడ్డను మేడ గవాక్షానికి కట్టి, మరునాటి ఉదయం రాజుకు చూపాడు. మొదటి గుడ్డ కాటుక తుడిచినట్టున్నది. రెండో గుడ్డ బూడిదరంగున ఉన్నది. మూడో గుడ్డ కట్టినప్పటి తెలుపుతోనే ఉన్నది.

రాజు మూడు గుడ్డలనూ పక్కపక్కన పరచి చూస్తూండగా, మేడమెట్లమీద అడుగుల చప్పుడయింది. పేరిందేవి ఎవరి చేయీ పట్టుకోకుండా, మెల్లగా ఒక్కొక్క మెట్టే దిగి వచ్చింది.

"నాయనా, నాకు ఆకలి వేస్తున్నది. ఆ వైద్యుడికి చెప్పకుండా కాస్త పెరుగన్నం పెట్టించు" అన్నది.

రాజు తల్లి పాదాలను కళ్లకద్దుకున్నాడు. పిదప బొల్లయ్యను కౌగిలించుకొని, ఎనిమిది బట్టీలను పడగొట్టించాడు. మిగిలిన ఒక్కదానినీ కొండకు ఆవలివైపుకు మార్పించి, పెద్దలు పెట్టిన మూడు కట్టుబాట్లనూ రాజశాసనం చేశాడు. పని పోయిన బట్టీ కూలీలకు కొండవాలున కానుగ మొక్కలు నాటే పని ఇచ్చాడు.

"ఇక కోటకు వెల్ల ఎప్పుడు పూర్తవుతుంది, బొల్లయ్యా?" అన్నాడు పోలన, సిగ్గుతో తల దించుకొని.

"గాలి సెలవిచ్చినప్పుడండీ" అన్నాడు బొల్లయ్య.

ఆనాటి సాయంకాలం అతడు కొండమీద నిలబడ్డాడు. చల్లని పిల్లగాలి వీచింది. గుండెనిండా పీల్చి వదిలాడు. ఇన్నేళ్లలో తల్లికి మొక్కాడు, గురువుకు మొక్కాడు, మేలు చేసినవారందరికీ మొక్కాడు. పుట్టిననాటినుంచి క్షణమైనా విడవక తనను మోస్తున్న ఈ గాలికి మాత్రం ఒక్కనాడూ మొక్కలేదని అతనికి తోచింది. కళ్లు మూసుకొని, శూన్యంలోకి చేతులు జోడించాడు.

కనుక బిడ్డలారా, అడగకుండానే ప్రాణం నిలిపే గాలిని మలినం కానీయకుండా కాపాడుకోవడమే మనం దానికి తెలుపగల కృతజ్ఞత.