పడవరెడ్డి కొట్టిన కణుజు

సోమిరెడ్డి ఒజ్జను ఏదైనా అడిగితే జవాబు చెప్పేవాడు కాదు. లేచి గొడ్డలి భుజాన వేసుకుని నడక మొదలుపెట్టేవాడు. అడిగినవాడు వెంట నడవాలి. నడవడానికి బద్ధకించినవాడికి ఆ ప్రశ్న అంత అవసరం లేదని ఆయన ఉద్దేశం. శిష్యుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని పొద్దు గుంకేదాకా ఉపదేశం దంచే గురువులంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళుమంట. ఈయన ఆ బాపతు కాదు గనకే ఈ సంగతి చెప్పబుద్ధవుతోంది.

అడవికి కాపలాలూ కేసులూ రాని రోజులవి. ఏరు దాటి కొండెక్కితే ఏటిమెట్ట అని ఒక గూడెం ఉండేది. ఒజ్జ అంటే అక్కడ విల్లు పట్టడం నేర్పే పెద్దమనిషి. ఆయన దగ్గరికి ఎక్కువగా చిన్నప్పటి నుంచే అడవి తిరిగినవాళ్ళు వచ్చేవారు. బుల్లిరెడ్డి మాత్రం పెళ్ళయ్యాక వచ్చాడు. అతను ఏట్లో పడవ నడిపే మనిషి. వేటకు పేరుమోసిన గురివిరెడ్డి కూతురు సింగారమ్మను చేసుకుని, మామగారింటికి ఇల్లరికం వచ్చాడు. గూడెంలో అతన్ని ఎవరూ పేరుతో పిలవలేదు. పడవరెడ్డి అనేవారు. ఎగతాళే గాని అందులో పగేమీ లేదు. అయినా రోజూ వింటే ఎవరికైనా గుచ్చుకుంటుంది.

గుచ్చుకున్నది అదొక్కటే కాదు. విత్తనాల పండగ నాడు మగవాళ్ళంతా వేటకు వెళ్ళి వస్తారు. గురివిరెడ్డి ఇంటి ముందు చాపలు పరిచి, ఎప్పుడైనా సొంత బాణంతో కణుజును, అంటే పెద్ద కొండదుప్పిని, పడగొట్టినవాళ్ళను వరసగా కూర్చోబెట్టి ముందు వాళ్ళకూ, వాళ్ళ ఆడవాళ్ళకూ వడ్డిస్తారు. మిగతావాళ్ళకు ఆ తరవాత. కణుజును దగ్గర్నుంచి చూసినవాళ్ళన్న లెక్కన దాన్ని చూసినోళ్ళ వాటా అంటారు. కూరలో తేడా ఏమీ ఉండదు, ముక్కలూ అవే. కాని పుట్టినప్పటి నుంచీ ముందు వరసలో తిన్న సింగారమ్మ, పెళ్ళయిన మొదటి పండగకే ఆకు పట్టుకుని చివర నిలబడింది. ఆమె ఒక్క మాట అనలేదు. అని ఉంటే బుల్లిరెడ్డికి కాస్త తేలిగ్గా ఉండేది.

తెడ్డు వేసిన చేతులు కాబట్టి విల్లు వంచడానికి బలం చాలింది. వానాకాలమంతా పట్టుదలగా సాధన చేశాడు. చలికాలం వచ్చేసరికి చెట్టుకు వేలాడదీసిన సొరబుర్రను, గూడెంలో ఇంకెవరూ వెయ్యనంత దూరం నుంచి కొట్టేవాడు. ఆ మాట గూడెమంతా పాకింది. కాస్త తలకూ ఎక్కింది. ఎక్కదా మరి! అన్నాళ్ళూ మొహం వాచి ఉన్న మనిషి.

మళ్ళీ పండగ దగ్గర పడింది. రేపు పండగ అనగా, తెల్లవారుతూనే ఒజ్జ ఇంటి ముందు నిలబడ్డాడు.

"ఒజ్జా, కణుజును ఎంత దూరం నుంచి కొట్టొచ్చో చెప్పండి. ఈ పండక్కి మా ఆవిడ చివర నిలబడకూడదు."

ఒజ్జ లేచి గొడ్డలి భుజాన వేసుకున్నాడు.

ఇద్దరూ కొండ పక్కనున్న చవిటి నేల వైపు నడిచారు. అక్కడి ఉప్పుమట్టి నాకడానికి కణుజులు వస్తాయి. ఒజ్జ మొలలోంచి చిన్న గుడ్డమూట తీసి, అందులోని బూడిద చిటికెడు గాలిలోకి వదిలాడు. బూడిద లోయలోకి జారింది. గాలి దిగువకు ఉందన్నమాట. చవిటి నేల మీద రెండు ఆడకణుజులు తలలు వంచుకుని ఉన్నాయి. కింద వైపు నుంచి పాక్కుంటూ వెళ్ళారు. బుల్లిరెడ్డి ఎక్కడలేని జాగ్రత్తా చూపించాడు, ఒక్క ఎండుటాకు కూడా చప్పుడు కానివ్వలేదు. ఇంతలో ఎండ ఎక్కింది. ఉన్నట్టుండి ఒక కణుజు తలెత్తి ఖంగుమని అరిచింది. మరుక్షణం అక్కడ తోకా లేదు, కాలూ లేదు.

"నేను కదల్లేదు ఒజ్జా! ఒట్టు!" అన్నాడు బుల్లిరెడ్డి.

ఒజ్జ ఇంకో చిటికెడు బూడిద వదిలాడు. ఈసారి అది కొండ పైకి పోయింది. ఏటి మీద గాలి ఒకసారి పట్టుకుంటే చాలాసేపు అటే వీస్తుంది. పడవవాడు దాన్ని నమ్ముకుని తెరచాప ఎత్తుతాడు. కొండగాలి అలా కాదు. ఎండ తగిలితే పైకి తిరుగుతుంది, నీడ పడితే కిందికి దిగుతుంది. కొండలో పుట్టినవాడికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. బుల్లిరెడ్డి పొద్దుటి గాలినే నమ్ముకున్నాడు, వాళ్ళ వాసన తిన్నగా కణుజుల ముక్కుకు చేరింది. తన తెలివితక్కువతనానికి తనమీద తనకే మండింది. మండిన మనిషి చేతిలో విల్లు ఉండటం మంచిది కాదు. ఆ మాట ఒజ్జ అనలేదు, నేనంటున్నాను.

ఇంకా పైకి వెళ్ళాక ఒక వాగు అడ్డమొచ్చింది. అవతలి గట్టున, వెదురు పొద పక్కన, పెద్ద కొమ్ముల కణుజు నిలబడి ఉంది. పోతు. గాలి అటునుంచి ఇటు వస్తోంది. దానికి వీళ్ళ సంగతి తెలియలేదు. దగ్గరికి పోవాలంటే వాగులోకి దిగి, చుట్టు తిరిగి, గట్టు కింద నుంచి ఎక్కాలి. మధ్యాహ్నం దాటుతుంది, ఈలోగా అది ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఇక్కడి నుంచి చూస్తే మాత్రం సరిగ్గా సొరబుర్ర ఉండేటంత దూరం. బుల్లిరెడ్డి ఒజ్జ వంక చూశాడు. ఆయన కణుజును చూస్తున్నాడు గాని అవుననీ అనలేదు, వద్దనీ అనలేదు.

బుల్లిరెడ్డి నారి లాగి వదిలాడు. బాణం తిన్నగానే పోయింది. కాని సొరబుర్ర కదలదు, కణుజు కదులుతుంది. బాణం గాల్లో ఉండగానే అది ఆకు కోసం ఒక అడుగు ముందుకేసింది. గుండె దగ్గర దిగాల్సిన ములుకు పొట్టలో దిగింది.

"తగిలింది ఒజ్జా! తగిలింది!" అని గంతేసి, వాగులోకి దూకబోయాడు.

"కూర్చో," అన్నాడు ఒజ్జ. "నువ్వు పరిగెత్తితే అదీ పరిగెడుతుంది."

నీడలు చాలా దూరం జరిగేదాకా ఆయన లేవలేదు. బుల్లిరెడ్డికి ముళ్ళమీద కూర్చున్నట్టుంది. చివరికి వాగు దాటి అవతలికి వెళ్ళి చూస్తే, ఆకుల మీద నల్లటి నెత్తురు, అందులో నమిలిన గడ్డి పీచు. బుల్లిరెడ్డికి అర్థమైంది. పొట్టలో తగిలిన జంతువు వెంటనే పడదు. బాధతో చాలాసేపు, చాలా దూరం పోతుంది.

"నువ్వు ముందు నడు," అన్నాడు ఒజ్జ.

చీకటి పడేదాకా నెత్తుటి చుక్కల వెంట నడిచి, ఒక రాతి చరియ కింద పడుకుని, వెలుగు రాగానే మళ్ళీ నడిచారు. నెత్తురు తగ్గిపోయింది. విరిగిన కొమ్మ, దొర్లిన రాయి, గిట్ట జారిన మట్టి చూసుకుంటూ పోవాల్సి వచ్చింది. ఒక్కోచోట బుల్లిరెడ్డి మోకాళ్ళ మీద పాకాడు. తెచ్చుకున్న అంబలి అయిపోయింది. కాళ్ళు పీక్కుపోతున్నాయి. కొండ కొమ్ముకు ఎక్కేసరికి దిగువన గూడెంలో డప్పుల మోత వినబడింది. పండగ మొదలైంది.

అక్కడే ఎదురుపడ్డాడు బావమరిది గన్నిరెడ్డి. ఇంకొందరితో కలిసి పండగ వేటకు వచ్చాడు. కర్రకు కట్టిన కణుజును మోసుకుంటూ దిగుతున్నారు. బావ వాలకం చూసి నవ్వబోయి, కళ్ళు చూసి మానుకున్నాడు. విషయం విన్నాక పక్కకు లాగి, గొంతు తగ్గించి చెప్పాడు.

"బావా, ఎందుకీ పాట్లు? నా బాణం పీకేస్తా, నీది గుచ్చు. వీళ్ళు నా వాళ్ళే, నోరెత్తరు. నాకు వరసలో చోటు ఎటూ ఉంది. మా అక్కను ఇవాళ ముందు కూర్చోబెడదాం. ఆ కణుజు ఎటూ చచ్చేదే."

ప్రేమగానే అన్నాడు. గన్నిరెడ్డి చెడ్డవాడు కాదు, అక్క అంటే ప్రాణం. బుల్లిరెడ్డి చెయ్యి అంబులపొది మీదికి పోయింది. ఒక బాణం సగం పైకి తీశాడు కూడా. అడ్డు చెబుతాడేమోనని ఒజ్జ వంక చూశాడు. ఒజ్జ వీళ్ళను చూడటమే లేదు. ఒక ఆకు తుంచి, దాని మీది చుక్క ఎండిందో లేదో వేలితో తాకి చూస్తున్నాడు. ఇంకా తడిగానే ఉంది.

అంటే అది ఇంకా బతికే ఉంది. ఎక్కడో దగ్గర్లో, తన ములుకు కడుపులో పెట్టుకుని నడుస్తోంది.

బుల్లిరెడ్డి బాణం లోపలికి తోసేశాడు. "మీ అక్కతో చెప్పు, రావడం ఆలస్యమవుతుందని," అని ఆ ఆకు దొరికిన వైపు దిగిపోయాడు.

"పిచ్చోడివి బావా నువ్వు!" అని గన్నిరెడ్డి వెనక నుంచి అరిచాడు.

కణుజు సెలయేట్లో పడుకుని ఉంది. పొట్టలో మంటకు చల్లటి నీళ్ళు వెతుక్కుంది పాపం. బుల్లిరెడ్డి ఈసారి బూడిద అడిగి తీసుకున్నాడు. గాలి చూశాడు, ఎండ చూశాడు, బండల చాటున పొట్టమీద పాకాడు. విల్లు చాచితే తగిలేటంత దగ్గరికి వెళ్ళాక అది తల తిప్పి చూసింది. లేవలేకపోయింది. అంత దగ్గర నుంచి దాని కంటిరెప్పలు కూడా కనబడ్డాయి. సొరబుర్రకు కళ్ళుండవు. ఏడుస్తూనే నారి లాగాడు. ఈసారి కదలడానికి దానికీ ఓపిక లేదు, తప్పడానికి ఇతనికీ వీల్లేదు.

పాడైన మాంసమంతా కోసి పారేశారు. పారేసిందే ఎక్కువ. ఒక తొడ బుల్లిరెడ్డి మోశాడు, ఒకటి ఒజ్జ మోశాడు. పెద్దవాడివి, వద్దన్నా వినలేదు. గూడెం చేరేసరికి డప్పులు ఆగిపోయాయి. ఎంగిలాకులు ఎత్తేశారు. చాపలు చుట్టేస్తున్నారు.

"పడవరెడ్డి ఇప్పుడొచ్చాడ్రా రేవుకి!" అన్నారెవరో. అందరూ నవ్వారు.

గురివిరెడ్డి నవ్వలేదు. వచ్చి తొడ వాసన చూశాడు. అన్నేళ్ళ వేటగాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. "పొట్టలో కొట్టిన కణుజు ఇది," అన్నాడు. "ఎవడు కొట్టాడు?"

"నేనే మావా," అన్నాడు బుల్లిరెడ్డి. "వాగుకు ఇవతల నుంచి కొట్టాను. నేను అంత దూరం నుంచి కొట్టకూడదు. నిన్నటి నుంచి దాన్ని ఏడిపించాను."

నవ్వులు ఆగిపోయాయి. అలాంటి మాట ఆ వాకిట్లో ఎవరూ విని ఎరగరు. పొట్టలో తగిలిన జంతువులు ఆ అడవిలో అంతకుముందు లేవని కాదు. వాటి వెనక ఎవరూ పోలేదు, వాటి సంగతి ఎవరూ ఎత్తలేదు, అంతే. ఇందాక చాపల మీద కూర్చుని తిన్నవాళ్ళలో కొందరు తలలు దించుకున్నారు.

గన్నిరెడ్డి ఉండబట్టలేక, "నా కణుజులో బాణం గుచ్చుకోమన్నా నాన్నా, వినలేదు!" అనేశాడు. అని నాలుక కరుచుకున్నాడు. తండ్రి కొడుకు వంక చూసిన చూపు గురించి రాయను. ఈ కథ నాకు చెప్పింది గన్నిరెడ్డే, పాపం ఇంకా సిగ్గుపడుతున్నాడు.

సింగారమ్మ లోపలి నుంచి వచ్చింది. మొగుడి భుజం మీది తొడ తను అందుకుని, "కాళ్ళు కడుక్కో, పొయ్యి ఇంకా ఆరలేదు, వండుతాను," అంది. "నేనూ తినలేదు." బుల్లిరెడ్డి కళ్ళు నిండిపోయాయి.

కూర ఉడికేసరికి చాపలన్నీ అటక ఎక్కేశాయి. గురివిరెడ్డి కటిక నేల మీదే చతికిలబడి, పక్కన చోటు చూపిస్తూ చేత్తో నేల తట్టాడు. బుల్లిరెడ్డి కూర్చున్నాడు, అతని పక్కన సింగారమ్మ కూర్చుంది. రాత్రి భోజనం రెండోసారి చెయ్యాల్సిన అవసరం లేకపోయినా, మామగారు తనకూ ఒక ఆకు వేయించుకున్నాడు.

ఒక ముద్ద తిన్నాక, ఎదురుగా తింటున్న ఒజ్జ వైపు తిరిగాడు. "అయితే ఒజ్జా, మా అల్లుడి చదువు అయిపోయినట్టేనా?"

ఒజ్జ ఎముక గీరుకుంటూ తల అడ్డంగా ఊపాడు.

"ఎక్కడిది గురివిరెడ్డీ! ఇవాళేగా మొదలుపెట్టాడు."