కట్ట కింద వెలసిన మూడురాళ్లమ్మ

జాలేరు ఆనకట్ట దిగువన, అలుగు నీరు పారే చోటికి కాస్త పక్కగా ఉన్నది మూడురాళ్లమ్మ సన్నిధి. ఇక్కడ గోపురం లేదు, విగ్రహమూ లేదు. పసుపు పూసిన మూడు పొయ్యిరాళ్లే అమ్మవారు. దర్శనానికి వచ్చిన భక్తులు ముందు అమ్మకు మొక్కి, వెనుదిరిగి కట్ట వంక ఒకసారి అనుమానంగా చూడాలి. అదీ పూజలో భాగమే.

పూర్వం ఇక్కడ ఏటికి అడ్డంగా కట్ట వేయించమని ఈ సీమనేలే రాజు ఓబళనాయకుడనే అధికారికి ఆజ్ఞ ఇచ్చాడు. లోపల రాతితో, బంకమట్టితో గట్టిగా కూరిన కట్ట కావాలన్నాడు. నాయకుడు మాటకారి. పని పూర్తయిందనీ, తరతరాలు చెక్కుచెదరదనీ కొలువులో చెప్పి పట్టుశాలువా కప్పించుకున్నాడు. దిగువ పల్లెవారికి భయం లేదని తానే హామీ ఇచ్చాడు. తన కొత్త ఇల్లు మాత్రం ఎదుటి గుట్ట మీద కట్టించుకున్నాడు.

ఆయన భార్య లక్కమాంబకు అదే కొరుకుడు పడలేదు. "ఊరంతా కింద ఉంటే మనకు గుట్టెందుకు?" అని అడిగింది. "గాలి బాగుంటుంది" అన్నాడాయన. కట్టకని తెచ్చిన నల్లరాయి తన ఇంటి గోడల్లో కనిపిస్తుంటే ఆ గాలి ఆమెకు పడలేదు. కట్ట చూసి వస్తానంటే పనివాళ్లు దారి మళ్లించారు. అడిగిన ప్రతివాడూ నవ్వి మాట మార్చాడు. ఆమెకు తిండి సయించలేదు.

ఏటికి కొత్తనీరు వచ్చి, తూములు మూసిన మర్నాటి వేకువన తడిచీరతో ఒక ముత్తైదువ ఆమెకు కలలో కనిపించింది. "నీ పొయ్యి కట్ట కింద పెట్టు. నీ మగని నోట నిజం వస్తుంది" అని చెప్పి మాయమైంది. లక్కమాంబ లేచి, కుండా బియ్యం పట్టుకుని గుట్ట దిగింది. కట్ట దిగువనే మూడు రాళ్లు పెట్టి ఎసరు పెట్టింది. పల్లెవారు వింతగా చుట్టూ చేరారు.

సంగతి తెలిసి నాయకుడు పరుగున వచ్చాడు. "లేచి రా, ఇంటికి పోదాం" అన్నాడు.

"అన్నం ఉడకనివ్వండి. ఇక్కడే తిందాం. మీరూ కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. కళ్లు మాటిమాటికీ కట్ట మీదికే పోతున్నాయి. ఇక్కడ వద్దంటూ ఆమె చేయి పట్టి లాగాడు.

"వీళ్లకు లేని భయం మీకెందుకు? లోపల ఏం పోశారు?"

నాయకుడు అందరి ఎదుటా తల వంచుకుని, "ఇసుక" అన్నాడు.

ఆ మాటతో పల్లె పల్లెంతా కదిలింది. నాయకుడు తూములెత్తించడానికి పరుగెత్తాడు. లక్కమాంబ పిల్లలను, ముసలివారిని గుట్టకెక్కించి, మంచం పట్టిన ఒక అవ్వ కోసం మళ్లీ దిగింది. అవ్వను మోసుకెళ్లేవారు గట్టెక్కారు. వారి వెనుక వస్తున్న ఆమె గట్టెక్కకముందే కట్ట తెగింది. వరద తీశాక ఆ తల్లి దొరకలేదు. పొయ్యిరాళ్లు మూడూ పెట్టినచోటే ఉన్నాయి. నాయకుడు తన ఇల్లు తానే విప్పి, ఆ రాయి మోసి కట్టను మళ్లీ కట్టించాడు. పిమ్మట ఆ పొయ్యిరాళ్ల పక్కనే గుడిసె వేసుకుని బతికినన్నాళ్లూ ఏడుస్తూ ఉన్నాడు.

నేటికీ ఏటా తూములు మూసే ముందు, కట్ట బాధ్యత చూసే అధికారి ఆలుబిడ్డలతో వచ్చి ఇక్కడ పొంగలి వండుకుని తినాలి. ఆ ప్రసాదం తిన్నవారి ఇంట పొయ్యి ఆరదని భక్తుల నమ్మకం. కట్ట ఎత్తు పెంచిన ఏడు మాత్రం కొత్త ఇంజనీరు ఒక్కడే జీపు దిగాడు. "మేడమ్ గారూ పిల్లలూ రాలేదా సారూ?" అని పూజారమ్మ అడిగింది. ఇంట్లో జ్వరాలన్నాడాయన. పల్లెవారు మర్యాదగా ప్రసాదం పెట్టి సాగనంపి, సాయంత్రానికల్లా పిల్లాపాపలతో గుట్టెక్కారు. ఆయన కట్టకు మరమ్మతు చేయించి, ఇల్లాలితో, బిడ్డలతో వచ్చి ఇక్కడ అన్నం తినేదాకా ఒక్కరూ కిందికి దిగలేదు.